పాపిరస్ మీది నీటి తగువు

కైరో
9 జనవరి 1986

పెదనాన్నకు తహానీ సలాములు. పెద్దమ్మ రెండు చేతులకూ ముద్దులు.

బస్సు డ్రైవరుతో పంపిన మూట చేరింది. బాతు చెక్కుచెదరకుండా వచ్చింది. ఊరబెట్టిన జున్ను మాత్రం దారిలోనే మూత తోసుకుని బయటపడిందట. ఆ బస్సు ఎక్కినవాళ్ళందరికీ మనది ఏ జిల్లానో ముక్కుతోనే తెలిసిపోయి ఉంటుంది. నాతో గదిలో ఉండే అమ్మాయిలు ఈ చలిలో కూడా కిటికీలు తెరిచి పడుకుంటున్నారు. అయినా మానకండి, పంపుతూనే ఉండండి.

నా ఉద్యోగమేమిటో పెద్దమ్మకి ఇంకా బోధపడలేదని రాశారు. శవాలతో పని అని ఇరుగుపొరుగుకి చెప్పడం మానెయ్యమనండి. మా విశ్వవిద్యాలయం లైబ్రరీలో కింది అంతస్తున పాపిరస్ విభాగం ఉంది. వెనకటి రోజుల్లో మన ఫయ్యూం జిల్లా దిబ్బల్లో ఎరువుమట్టి తవ్వుతుంటే బయటపడ్డ పత్రాలు అక్కడ బిస్కెట్ డబ్బాల్లో మూలుగుతున్నాయి. రెల్లు లాంటి గడ్డి కాడలు చీల్చి, అడ్డంగా ఒక పొర, నిలువుగా ఒక పొర వేసి అతికిన కాగితాలవి. గట్టిగా ముట్టుకుంటే పొడి. నేను వాటికి తడి తగిలించి, మడత విప్పి, చిరుగుముక్కలకి జోడీ వెతికి, రెండు గాజు పలకల మధ్య పెడతాను. పెద్దమ్మ పాత దుప్పట్లకి అతుకులు వేస్తుంది కదా, నాదీ అదే పని.

ఇక అసలు మాట. మొన్న డాక్టర్ నాషెద్ (మా విభాగానికి పెద్ద) ఒక డబ్బా నా ముందు పెట్టి, "ఇది మీ వైపుదే, చూసుకో అమ్మా" అన్నారు. తెరిస్తే ఒక అర్జీ! రోమా చక్రవర్తులు ఏలిన రోజుల్లో జిల్లా అధికారికి గ్రీకులో రాసింది. "మా పైరు ఎండిపోయింది. ఫలానా ఊరివాళ్ళు కాలువగట్టుకు గండి కొట్టి మా వంతు నీళ్ళు మళ్ళించుకున్నారు. అడగబోతే కర్రలెత్తారు. దయచేసి విచారించండి" అని. మడత దగ్గర చిరిగి దానికి రెండు చిల్లులు, రెండూ ఒకే తీరువి. అర్జీ పెట్టుకున్న ఊరి పేరు ఉండాల్సిన చోట పైన ఒకటి, దొంగల ఊరి పేరు ఉండాల్సిన చోట కింద ఒకటి. డబ్బా అడుగున ఒక ముక్క దొరికింది. దాని మీద ఏముందో చెప్పుకోండి చూద్దాం!

మెనాఫూ. మన ఊరు! దాన్ని పై చిల్లులో పెడితే చక్కగా కూర్చుంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

మీతో ఇంకో సంగతి కూడా చెప్పాలి. అది వచ్చే ఉత్తరంలో.

మీ పిల్ల,
తహానీ

*

మెనాఫూ
18 జనవరి 1986

మా ఇంటి వెలుగు తహానీకి పెదనాన్న మెత్వల్లీ దీవెనలు.

నీ ఉత్తరం సావడిలో గట్టిగా చదివాను. కాలువలు కట్టేసి పూడిక తీసే రోజులు కాబట్టి ఊళ్ళో మగాళ్ళందరూ పనిలేక టీలు తాగుతూ కూర్చున్నారు. ఒకసారి చదివితే చాలదన్నారు, మళ్ళీ చదివాను. ముసలి అతియ్యా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఆ చక్రవర్తి మన పాత రాజుగారికి ముందా, తరవాతా?" అని అడిగాడు. "కొంచెం ముందు" అన్నాను. అంతకంటే వివరంగా చెబితే వాడికి నిద్ర పట్టదు.

అయితే నాకొకటి అర్థం కాలేదు. దొంగల ఊరి పేరు దొరకలేదంటావేమిటే? అది దొరకాలా? పక్కూరు సెర్బాత్! మొన్న వేసవిలో మన మొక్కజొన్న మాడబెట్టింది ఎవరు? మన వంతు నడుస్తుండగా తమ తూము తలుపు మూతపడకుండా కింద ఇటుక పెట్టింది ఎవరు? మెనాఫూ నీటి వంతులు చూసేవాణ్ణి నేను. నా తండ్రి చూశాడు, ఆయన తండ్రీ చూశాడు. సెర్బాత్‌వాళ్ళ సంగతి మీ గాజు పలకలకి తెలియకపోతే నన్ను అడగమను. ఆ ముక్క వెతుకు. డబ్బా బోర్లించి వెతుకు.

ఇంకో సంగతి అన్నావు. చలికోటు కావాలేమో అన్నాను నేను. నా భుజం మీంచి తొంగి చూస్తున్న మీ పెద్దమ్మ, "పెళ్ళీడు దాటుతున్న పిల్ల ఇంకో సంగతి అంటే కోటు అనుకునే మనిషితో ఇన్నాళ్ళు కాపురం చేశాను, చూడండి జనులారా" అంటోంది. ఇక్కడ నేనూ ఆవిడా తప్ప జనులెవరూ లేరు.

ఊరి తరఫున, నా తరఫున,
మెత్వల్లీ

*

కైరో
3 ఫిబ్రవరి 1986

పెదనాన్నా,

దొరికింది! డబ్బా మూత మడతలో ఇరుక్కుని ఉంది, గోరంత ముక్క. మీరే గెలిచారు. దాని మీద ఉన్నది సెర్బాత్. కింది చిల్లులో పెట్టాను. అంచులు సరిపోయాయి. గాజుకి ఇటు నేను, అటు డాక్టర్ నాషెద్ నిలబడి ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నాం. పద్ధెనిమిది వందల ఏళ్ళుగా మీరు కాలువ దగ్గర పోట్లాడుకుంటున్నారన్నమాట. ఒక్క విచారం ఏమిటంటే, అధికారి తీర్పు రాసే చోటు చిరిగిపోయింది. ఎవరు గెలిచారో దేవుడికే తెలియాలి.

ఇక ఆ సంగతి. పెద్దమ్మ ఊహే సరైనది. మా విభాగంలో హెల్మీ అని ఒకతను పత్రాలకి ఫొటోలు తీస్తాడు. నెమ్మదైన మనిషి. ఒక ముక్క పట్టుకోవాలంటే ముందు ఊపిరి బిగపట్టే రకం. మీరు పంపిన జున్ను తిని కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా ఇంకొంచెం అడిగిన మొదటి మనిషి ఈ కైరోలో అతనే. మీ దగ్గరికి వచ్చి నన్ను అడగాలనుకుంటున్నాడు. అతనిదీ ఫయ్యూమే, మనకి మరీ దూరం కాదు. రమ్మంటారా?

జవాబు త్వరగా రాయండి. నేను పోస్టు పెట్టె దగ్గరే ఉంటున్నాను.

తహానీ

*

మెనాఫూ
12 ఫిబ్రవరి 1986

అమ్మాయ్,

ఊళ్ళో డప్పులు మోగాయి! "రోమా నాటి దొంగలు సెర్బాత్" అని సావడి గోడ మీద సున్నంతో రాయించాను. మనవాళ్ళు పాట కట్టి సంతలో పాడారు. హాజీ దెసూకీ తెలుసుగా, సెర్బాత్ నీటి పెద్ద, ఆ మీసాలాయన. ఉల్లిపాయల బండి సంతలోనే వదిలేసి గాడిదెక్కి వెళ్ళిపోయాడు. నా జన్మలో ఇంత మంచి శీతాకాలం చూడలేదు. మీ డాక్టర్‌గారికి ఒక బాతు పంపుతున్నాను. ఆయన క్రైస్తవుడైతే ఉపవాసాలు అయ్యాక తినమను.

పెళ్ళి మాట విని మీ పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచే పిండి చేతులతో గెంతింది. నాకూ కడుపు నిండింది, తల్లీ. మీ నాన్న పోయేప్పుడు నిన్ను నా ఒళ్ళో కూర్చోబెట్టి పోయాడు. నీకు మంచి చోటు చూడందే నేను కళ్ళు మూయనని మొక్కుకున్నాను. ఫయ్యూంవాడు, పైగా నిదానస్తుడు అంటున్నావు. రమ్మను. ఏ ఊరు? ఎవరి మనవడు? సెర్బాత్ తప్ప ఏదైనా నాకు సమ్మతమే.

సంతోషం పట్టలేకుండా ఉన్న
మీ పెదనాన్న

*

కైరో
20 ఫిబ్రవరి 1986

పెదనాన్నా, కూర్చుని చదవండి. పెద్దమ్మని పక్కన కూర్చోబెట్టుకోండి.

హెల్మీది సెర్బాత్. హాజీ దెసూకీకి స్వయానా మనవడు.

ముందే రాయాల్సింది. భయపడ్డాను. "మరీ దూరం కాదు" అని రాసి పెన్ను కింద పెట్టేశాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. గోడ మీద రాయించేముందే చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు నా మనసులో ఉన్నది తిన్నగా రాస్తున్నాను. అతన్ని తప్ప ఇంకెవర్నీ చేసుకోను. అలాగని మీరు కాదంటే అతన్నీ చేసుకోను. నాన్న స్థానంలో నా పెళ్ళి ఒప్పందం చెప్పాల్సింది మీరే. కైరోలో ఎవరో గుమాస్తా ముందు సంతకాలు పెట్టి ఇంటికొచ్చే పిల్లని కాను నేను. కాబట్టి అంతా మీ చేతుల్లోనే ఉంది. అతని తాతగారు కూడా అక్కడ అగ్గి మీద గుగ్గిలం అవుతున్నారట.

కోప్పడినా సరే, జవాబు మాత్రం ఆపకండి.

తహానీ

*

మెనాఫూ
2 మార్చి 1986

తహానీకి.

ఇన్నాళ్ళు రాయలేదు. ఎందుకో నీకు తెలుసు.

మీ పెద్దమ్మ నాకు వారం రోజులు ఉప్పులేని పప్పు పెట్టింది. అడిగితే, "సెర్బాత్‌వాళ్ళు ఎత్తుకుపోయారు ఉప్పు" అంటుంది. ఇంట్లోనే శత్రువు ఉంటే కాలువ దగ్గర ఏం కాపలా కాస్తాను?

అమ్మాయ్, నేను పగవాణ్ణి కాను. పద్ధతి ఉన్నవాణ్ణి. మన వైపు ఆచారం నీకు గుర్తు చెయ్యాలా? తగువు తెగని రెండు ఊళ్ళ మధ్య ఒకరి రొట్టె ఒకరు తినరు. ఇక పిల్లనెలా ఇస్తారు? ఈ తగువులో తీర్పు చిరిగిపోయిందని రాసింది నువ్వే. అంటే ఇది ఇంకా తెగలేదు. అర్జీ పడింది, విచారణ కాలేదు. ఈ మాట అంటే స్కూలు మాస్టరు నవ్వాడు. ఎందుకు నవ్వాడో అతనికే తెలియాలి.

ఆలోచించి ఆలోచించి, దహ్మా ఊరి షేక్ మబ్రూక్ దగ్గరికి వెళ్ళాను. ఈ చుట్టుపక్కల హత్యల దగ్గర్నుంచి ఆవుల దాకా ఆయన తీర్చని పంచాయితీ లేదు. విషయమంతా విని, చాలాసేపు గడ్డం దువ్వుకుని, "చాలా ఆలస్యమైంది, ఇంక ఆలస్యం చెయ్యకూడదు" అన్నాడు. హాజీ దెసూకీకి కబురు పెట్టాడు. ఆయనా వస్తానన్నాడు. ఇరవై ఒకటో తేదీ శుక్రవారం, నమాజు అయ్యాక పంచాయితీ.

ఆ అర్జీని మన భాషలోకి మార్చి, లైబ్రరీ ముద్ర వేయించి పంపు. ఆ కుర్రాణ్ణి కూడా రమ్మను. మొహం చూడాలి.

మెత్వల్లీ

*

కైరో
10 మార్చి 1986

నా బంగారు పెదనాన్నా!

మీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తరవాత నవ్వాను. రోమావాళ్ళ నాటి వ్యాజ్యాన్ని మన సావడిలో తీరుస్తారా! డాక్టర్ నాషెద్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ముప్పై ఏళ్ళుగా ఈ పత్రాలు చదువుతున్నాను. ఒక్క అర్జీకి కూడా ఎవరూ జవాబివ్వడం చూడలేదు. ముద్ర ఒకటి కాదు, రెండు వెయ్యి" అన్నారు. రెండూ వేశాను. ఎవరేం మాట్లాడారో పొల్లు పోకుండా రాయమని ఆయన విన్నపం.

హెల్మీ వస్తాడు. ఎందుకో ఈ మధ్య మరీ మాట తగ్గించాడు. తాతగారి భయమేమో. అతనితో కాస్త మెత్తగా మాట్లాడండి.

పెద్దమ్మకి చెప్పండి, మీకు ఉప్పు వెయ్యమని నేను బతిమాలుతున్నాను.

తహానీ

*

మెనాఫూ
23 మార్చి 1986

తహానీ తల్లికి,

మీ డాక్టర్‌గారు అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

సావడి పట్టలేదు, జనం గోడలెక్కారు. షేక్ మబ్రూక్ మధ్యలో, మేము కుడివైపు, వాళ్ళు ఎడమవైపు. టీ పోశారు, ఎవరూ ముట్టుకోలేదు. నేను లేచి అర్జీ చదివాను. "కర్రలెత్తారు" అన్న చోట మనవాళ్ళు నిన్ననే దెబ్బలు తిన్నట్టు మూలిగారు.

హాజీ దెసూకీ లేచాడు. "అయ్యా, ఆనాటివాళ్ళు మన మతంవాళ్ళు కూడా కారు. వాళ్ళ పనికి నేనెలా జవాబు చెప్పను?"

"నీళ్ళు ఏ మతానివి, దెసూకీ?" అన్నాడు షేక్.

"మా వంశం పడమటి ఎడారి నుంచి వచ్చింది. మేమొచ్చేనాటికి సెర్బాత్‌లో కుక్క కూడా లేదు!"

"పొలం ఉందా?"

"ఉంది."

"పొలం తీసుకున్నవాడు పొలం మీది తగువూ తీసుకున్నట్టే. కూర్చో."

ఆయన కూర్చోలేదు. "సాక్షులేరీ?" అని నా మీద గుడ్లురిమాడు. సాక్షులు కాలం చేశారన్నాను. "అయితే ముద్దాయిలూ కాలం చేశారు!" అన్నాడు. జనం గొల్లుమన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. దగ్గు వచ్చినట్టు నటించాను.

అప్పుడు షేక్ ఆ కుర్రాణ్ణి పిలిచాడు. "అబ్బాయ్, నువ్వు చదువుకున్నవాడివి, అక్కడే పనిచేస్తున్నావు. ఈ పత్రం నిజమైనదేనా?" వాడు తల దించుకుని, "పత్రం నిజమైనదే, అయ్యా. మా ఊరి తరఫున తప్పు నేను ఒప్పుకుంటున్నాను. మీరేం చెబితే అది చేస్తాం" అన్నాడు. దెసూకీ మీసాలు లేచి నిలబడ్డాయి. "ఒరేయ్, నిన్నెవడు ఒప్పుకోమన్నాడ్రా!" అని కర్ర ఎత్తాడు కానీ కొట్టలేదు.

తీర్పు ఏమిటంటే, వచ్చే నెల పంతొమ్మిదో తేదీ శనివారం సెర్బాత్‌వాళ్ళు సందెవేళ నుంచి తమ వంతు నీళ్ళు మనకి వదలాలి. పత్తికి సరిగ్గా అదను. దానితో ఈ తగువు తెగిపోయినట్టు. ఒప్పందానికి గుర్తుగా అందరం ఫాతిహా చదివాం. చల్లారిన టీ అందరూ తాగారు. ఆ తరవాత ఆ కుర్రాడు వచ్చి నా చెయ్యి ముద్దు పెట్టుకుని నిన్ను అడిగాడు. ఇస్తానన్నాను. మే ఒకటో తేదీ గురువారం, రంజాను రాకముందే పెళ్ళి. మీ పెద్దమ్మ సంబరపు కేకలకి పావురాలు ఎగిరిపోయాయి.

పప్పులో ఉప్పు కూడా పడింది.

కడుపు నిండిన
పెదనాన్న

*

కైరో
8 ఏప్రిల్ 1986

పెదనాన్నా,

ఈ ఉత్తరం రాయడానికి మూడు కాగితాలు చించాను.

నిన్న ఆ అర్జీని చివరిసారిగా గాజులో బిగిస్తున్నాం. డాక్టర్ నాషెద్ దాన్ని దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు. ఎత్తినవారు దించలేదు. "తహానీ, నారలు చూశావా?" అన్నారు.

మన చాపలు చూడండి. చాప చిరిగితే, ఏ ముక్క ఎక్కడిదో చెప్పేది అంచు కాదు, అల్లిక. ఒక ముక్కలోని పుల్ల రెండో ముక్కలోకి తిన్నగా సాగాలి. పాపిరస్ కూడా అంతే. పైన నేను పెట్టిన మెనాఫూ ముక్కలో నారలు సన్నం, దాని చుట్టూ ఉన్నవి లావు. కింద పెట్టిన సెర్బాత్ ముక్కలో లావు, చుట్టూ సన్నం. రెంటినీ అటూ ఇటూ మార్చి పెట్టాం. ప్రతి నారా ఇవతలి నుంచి అవతలికి గీత గీసినట్టు సాగిపోయింది.

అర్జీ పెట్టుకున్నది సెర్బాత్. గండి కొట్టింది మనం.

పని మొదలుపెట్టిన రోజున అందరికీ మొదట నేర్పేది ఇదే, నారలు చూసుకొమ్మని. నేను చూడలేదు. మన ఊరి పేరు చేతిలోకి రాగానే, అది కింది చిల్లులోది కావచ్చన్న ఆలోచనే రాలేదు నాకు. మెనాఫూలో పెరిగిన పిల్లకి ఎలా వస్తుంది?

ఇంకా ఉంది. హెల్మీని అడిగాను. ఫొటో తీసేటప్పుడు, ఫిబ్రవరిలోనే చూశాడట. "మరి పంచాయితీలో తప్పెందుకు ఒప్పుకున్నావు?" అంటే, "పత్రం నిజమైనదే అన్నాను, అతుకు నిజమని అనలేదుగా. ఒక రాత్రి నీళ్ళేగా, తహానీ. మా ఊరు దొంగల ఊరైతే నువ్వు నాకు దక్కుతావు. దొంగలు మీరే అని తేలితే మీ పెదనాన్న నన్ను గడప తొక్కనిస్తారా?" అన్నాడు. కోపమొచ్చి పోట్లాడాను. తరవాత గదికి వెళ్ళి ఏడ్చాను. నా కోసం తన ఊరి నెత్తిన దొంగతనం వేసుకున్నాడు, పెదనాన్నా. అలాంటివాణ్ణి ఏం చెయ్యాలి?

ఈ విషయం మా ముగ్గురికే తెలుసు. ఈ పత్రాల మీద లైబ్రరీ వేసే పుస్తకం అచ్చయ్యేది శీతాకాలంలో. పెళ్ళయ్యేదాకా నోరు మూసుకుందామని హెల్మీ అంటున్నాడు. నేను మూసుకోలేను. పంతొమ్మిదో తేదీ శనివారం ఆ నీళ్ళు మన పొలాల్లోకి వస్తే నిజంగానే దొంగిలించినట్టవుతుంది. దాని మీద నా పెళ్ళి నిలబడొద్దు. మీకు అందరిలో తలవంపు అవుతుందని తెలుసు. పెళ్ళి ఆగిపోవచ్చనీ తెలుసు. అయినా మీకు చెప్పకుండా ఉండటం నాకు చేతకాలేదు. ఏం చేస్తారో మీ ఇష్టం.

తహానీ

*

మెనాఫూ
20 ఏప్రిల్ 1986

నా తల్లి తహానీకి,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, పొలం వెళ్ళాను. ఏ మడి చూశానో, ఏం చేశానో నాకే తెలియదు. ఇంటికొస్తే మీ పెద్దమ్మ మొహం చూసి పట్టేసింది. ఉత్తరం చేతికిచ్చాను. ఆవిడకి చదువు రాదని మర్చిపోయాను. మళ్ళీ నేనే చదవాల్సి వచ్చింది. విని, "అంతేనా! ఎవరో చచ్చారనుకున్నాను. మనవాళ్ళు అంత బుద్ధిమంతులని నువ్వెప్పుడు అనుకున్నావు?" అంది. రొట్టెలు కాల్చుకోవడానికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, "పొయ్యి మండుతోంది. పడేస్తానంటే ఇప్పుడే పడెయ్యి" అంది. నన్ను పరీక్షించడానికే అన్నది. నాకు తెలుసు.

నిజం చెప్పనా? పొయ్యి దాకా వెళ్ళాను. గోడ మీద రాయించిన నేను, సంతలో పాడించిన నేను, ఎలా తలెత్తుకోను అనిపించింది. నీళ్ళ విషయంలో నా మాట పోతే ఇంక నాకేం మిగిలింది? మళ్ళీ అనుకున్నాను: దీన్ని కాల్చేస్తే, పెళ్ళినాడు నా పిల్ల మొహంలోకి ఎలా చూస్తాను? అంత దూరాన ఒక్కదానివే ఉండి, కావాలనుకున్నవాణ్ణి పోగొట్టుకోవడానికి కూడా సిద్ధపడి నాకు నిజం రాశావు. నిన్ను పెంచింది నేనే కదా. నాకు ఏడుపొచ్చింది, తల్లీ. పొగ వల్ల అని చెప్పాను. మీ పెద్దమ్మ నమ్మినట్టు నటించింది.

శుక్రవారం షేక్ మబ్రూక్‌ని, సెర్బాత్‌వాళ్ళని మళ్ళీ పిలిపించాను. నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివాను. మనవాళ్ళు గోల గోల. "చింపెయ్ మెత్వల్లీ, వీళ్ళకి తెలిసి చచ్చిందా!" అన్నాడు ముసలి అతియ్యా, సెర్బాత్‌వాళ్ళు ఎదురుగా కూర్చుని వింటుండగానే. చెవుడు కదా, ఎంత గట్టిగా అన్నాడో వాడికి తెలియదు.

హాజీ దెసూకీ మాత్రం కర్ర పక్కన పెట్టాడు. "మావాడు తెలిసి నోరు మూసుకున్నాడా?" అన్నాడు.

"ఫిబ్రవరి నుంచి" అన్నాను.

"గాడిద" అన్నాడు. తలపాగా కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. "అచ్చం వాళ్ళ నాయనమ్మ. ఆవిడా ఇంతే."

షేక్ తీర్పు తిరగరాశాడు. శనివారం సెర్బాత్ నీళ్ళు సెర్బాత్‌కే. ఆ మర్నాడు మొదలయ్యే మన వంతు కూడా వాళ్ళకే, శనివారం సందె నుంచే కలిపి. గోడ మీది రాత మనమే చెరపాలి. పాట కట్టినవాళ్ళే సెర్బాత్ సంతకి వెళ్ళి, ఊరి పేరు మార్చి పాడాలి. పాడతామని ఇప్పుడే సాధన చేస్తున్నారు, సిగ్గులేనివాళ్ళు.

నిన్న సందెవేళ తూము దగ్గరికి నేనే వెళ్ళాను. ఎవర్నీ పంపలేదు. మన తలుపు దించి, సెర్బాత్ తలుపు నా చేత్తో ఎత్తాను. ఈ చేతులు ఆ పని ఎప్పుడూ చేయలేదు. నీళ్ళు మన పక్క నుంచి తిరిగి అటు వెళ్తుంటే చూడబుద్ధి కాలేదు. అయినా అక్కడే గట్టు మీద కూర్చున్నాను, ఎవడైనా మనవాడు వచ్చి మళ్ళీ దించకుండా. అవతలి గట్టు మీద హాజీ దెసూకీ కూర్చున్నాడు. మధ్యలో నీళ్ళ చప్పుడు ఒక్కటే.

తెల్లవారేసరికి నీళ్ళు మడులు నిండి, బాటలు ఎక్కి, ఆయన కాళ్ళ దాకా వచ్చాయి. ఆయన అంగీ ఎగదోపుకుని లేచి, అవతలి నుంచి గట్టిగా అరిచాడు:

"ఇక చాలు, దించవయ్యా వియ్యంకుడా! నా పత్తి మునిగిపోతోంది!"

ఇన్నేళ్ళలో ఆయన నన్ను తిట్టుతో తప్ప పిలిచి ఎరగడు. దించాను.

మే ఒకటి, గురువారం నాటికి ఇద్దరూ వచ్చెయ్యండి. డాక్టర్‌గారిని కూడా తీసుకురండి.

మీ
మెత్వల్లీ